తిక్క అంటే ఏ తిక్క

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. ఇరవై రెండేళ్ళు ఇనుము పోతపోసే ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కట్లు కట్టాను. కాలిన చేతులు, నలిగిన వేళ్ళు, కంట్లో పడిన ఇనప రజను, ఇదే నా లోకం. దెబ్బ తగిలించుకుని వచ్చినవాణ్ణి ముందు నాలుగు తిట్టి, ఆ తరవాతే దూది చేతిలోకి తీసుకునేవాణ్ణి. తిడుతూ కడితే కట్టు బిగువుగా వస్తుంది. నమ్మకపోతే మానేయండి.

చెప్పబోయేది నా గురించి కాదు, బయటి గదిలో కిటికీ వెనక కూర్చునే ఆవిడ గురించి. మా డిస్పెన్సరీకి రెండే గదులు. లోపలి గది నాది. మంగళవారం, శుక్రవారం మాత్రం డాక్టరు గారిది. బయటి గదిలో ఒక చెక్క బెంచీ, మూలన చెక్క అడ్డు, దాని వెనక ఆవిడ బల్ల, ఆ అడ్డుకి చెయ్యి పట్టేంత కిటికీ. వచ్చినవాడు ఒంట్లో ఏం బాగాలేదో ఆ కిటికీలో చెప్పాలి. ఆవిడ దాన్ని స్లిప్పు మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. వాడు ఆ స్లిప్పు పట్టుకుని నా దగ్గరికి రావాలి. అర నిమిషం పని. ఆవిడ చేతిలో అది అయిదు నిమిషాలు పట్టేది, ఎందుకంటే ఎవరేం చెప్పినా ఆవిడ వెంటనే రాసేది కాదు. కలం పట్టుకుని, వాడి మొహంలోకి చూసి, 'అంటే ఏంటి?' అనేది.

నీరసంగా ఉందక్కా అంటే, నీరసం అంటే ఏంటి, పని చేయలేకపోవడమా, చేయబుద్ధి కాకపోవడమా అని అడిగేది. సగం మంది నవ్వు ఆపుకోలేక రెండోదే అని ఒప్పేసుకుని వెనక్కి పోయేవాళ్ళు. ఒకరకంగా ఉందంటే, ఏ రకంగా అనేది. కడుపులో ఏదోలా ఉందంటే, ఏదోలా అంటే మంటా, నొప్పా, ఆకలా అని మూడు వేళ్ళు చూపించేది. అలా అలా ఆవిడకి 'అంటేఏంటక్క' అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేదనుకుంటాను, దాన్ని ఎవరూ వాడగా నేను వినలేదు. ఫ్యాక్టరీ మేనేజరు కూడా ఒకసారి ఫోనులో నోరు జారి, అంటేఏంటక్కకి ఇవ్వు అనేశాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. బయట బెంచీ నిండా జనం, లోపల నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఒకరోజు ఉండబట్టలేక, ఇది డిస్పెన్సరీ, బడి కాదు, ప్రశ్నలు మానేయ్ అక్కా అన్నాను. ఆవిడ నా మీద కోప్పడలేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళకి ఒంట్లో వంద బాధలుంటాయి తమ్ముడూ, నోట్లో నాలుగు మాటలే ఉంటాయి, ఆ నాలుగింటిలో ఏది దేనికో అడగకపోతే నువ్వు కట్టు తప్పు చోట కడతావు అంది.  సమాధానం దొరకనప్పుడు నా కోపం ఇంకాస్త పెరుగుతుంది.

పెళ్ళయిన నాలుగేళ్ళకే ఆవిడ భర్త పోయాడు. పిల్లల్లేరు. అంతకుముందే, ఆవిడ పాకే వయసులో, తండ్రి పోయాడు. చేయి పట్టుకుని నడక నేర్పింది, పదో తరగతి దాకా చదివించింది, పెళ్ళి చేసింది, భర్త పోయాక తీసుకొచ్చి ఈ ఉద్యోగంలో కూర్చోబెట్టింది అంతా అన్నయ్యే. ఆయన ఆవిడకంటే పదేళ్ళు పెద్ద. రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. వారమంతా ఆవిడ ఒక్క గదిలో ఒంటరిగా వండుకు తినేది, ఆదివారం మధ్యాహ్నం మాత్రం అన్నయ్య ఇంట్లో భోజనం. వదిన వడ్డిస్తుంటే అన్నాచెల్లెళ్ళు పళ్ళెం ముందు కూర్చుని చిన్నప్పటి విషయాలకి దెబ్బలాడుకునేవాళ్ళట. సోమవారం పొద్దున ఆవిడ మొహం చూస్తే ముందురోజు ఎవరు గెలిచారో నాకు తెలిసిపోయేది.

ఆ అన్నయ్య మా షెడ్డులో క్రేను నడిపేవాడు. షెడ్డు పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టాలు, వాటి మీద కదిలే క్రేను, దానికి వేలాడుతూ ఒక చిన్న గది. ఆ గదిలో ఆయన. పొద్దున నిచ్చెన ఎక్కితే సాయంత్రం దిగడమే. భోజనం డబ్బా కూడా తాడు కట్టి పైకి లాక్కునేవాడు. కరిగిన ఇనుము నిండిన తొట్టిని మా అందరి నెత్తుల మీదుగా, చుక్క ఒలకకుండా తీసుకుపోయేవాడు. అందుకని ఆయన్ని అందరూ 'పైవాడు' అనేవాళ్ళు. పని సాఫీగా జరిగితే పైవాడి దయ, ఆలస్యమైతే పైవాడికి మన మీద దృష్టి లేదు. కొత్తగా చేరినవాడెవడో, మీరంతా ఇంత భక్తిపరులని తెలియదండీ అన్నాడు. ఆయనకి ఆ పేరంటే లోపల ఎంత ఇష్టమో నాకు తెలుసు. కిందికి దిగితే ఆయన పొట్టిగా, కాస్త వంగి నడిచే మామూలు మనిషి. పైన ఉన్నప్పుడు ఆయన చెయ్యి ఆడితేనే షెడ్డు కదులుతుంది.

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. తల తిరగడం. బయట లోకంలో అది చాలా చవకైన మాట. బజారులో ధర వింటే తల తిరుగుతుంది. పెద్ద ఉద్యోగం వస్తే తల తిరుగుతుంది, అంటే పొగరెక్కిందని. అడ్డమైన పని చేసినవాణ్ణి తల తిరిగిందా నీకు అంటాం, అంటే బుద్ధి ఉందా అని. నిజంగానే కాళ్ళు తూలి, కళ్ళ ముందు గోడ పక్కకి జరిగిపోతున్నా అదే మాట. మా గేటు లోపల మాత్రం దానికి ఒకటే అర్థం. స్లిప్పు మీద ఆ మాట పడిందంటే ఆ మనిషి ఎత్తు ఎక్కకూడదు, కొలిమి దగ్గరికి పోకూడదు. డాక్టరు చూసి సరేనంటేనే మళ్ళీ పని. నేను చేరకముందు ఎవరో క్రేను నడుపుతూ స్పృహ తప్పితే, వేలాడుతున్న బరువు ఊగి గోడని గుద్దేసిందట. మనుషులకి ఏం కాలేదు. ఆ గోడ మీద సొట్ట అలాగే ఉంది, ఈ నియమం అప్పుడు పుట్టింది.

నియమం పెడితే తలలు తిరగడం మానేస్తాయా? పని ఎక్కడ పోతుందోనని మనుషులు ఆ మాట అనడం మానేశారు. దాని బదులు 'తిక్కగా ఉంది' అనడం మొదలుపెట్టారు. తిక్కకి నియమం ఏముంటుంది? తిక్క ఎవరికి లేదు కనక? ఇవాళ నాకు కాస్త తిక్కగా ఉంది, నిచ్చెన నువ్వెక్కు అని ఒకడంటే, ఇంకొకడు మారు మాట్లాడకుండా ఎక్కేవాడు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు దగ్గరికి మొదటి వారంలోనే ముగ్గురు వెళ్ళి తిక్కగా ఉందండీ అన్నారట. నాలుగోవాడు వచ్చేసరికి ఆయన, నాకూ ఉందయ్యా, పని చూసుకో పో అన్నాడట.

ఈ దొంగ మాటని పట్టేసింది అంటేఏంటక్క ఒక్కతే. కిటికీలో ఎవడైనా తలనొప్పి మాత్ర కావాలి, కాస్త తిక్కగా ఉంది అంటే, కలం కింద పెట్టేసేది. తిక్క అంటే ఏ తిక్క? ఎవరినైనా కొట్టాలనిపిస్తోందా, గోడ పట్టుకోవాలనిపిస్తోందా? వాడు నీళ్ళు నమిలేవాడు. నేల కదులుతోందా, నువ్వు కదులుతున్నావా? పడుకుంటే తగ్గుతోందా, పడుకుంటేనే ఎక్కువవుతోందా? కళ్ళ ముందు చీకటా, మిణుగురులా? ఇవన్నీ ఆవిడ ఒక నోటు పుస్తకంలో రాసుకుంది, ఎవరు ఏ మాటంటే చివరికి ఏం తేలిందో. ఊడ్చే ఆవిడ ఒకరు కళ్ళు తిరుగుతున్నాయంటే నేను గ్లూకోజు నీళ్ళు కలుపుతున్నాను, ఈవిడ నాలుగు ప్రశ్నలడిగి, అమ్మా, నువ్వు వెళ్ళాల్సింది ప్రసూతి డాక్టరు దగ్గరికి అంది. గోడలకి రంగులేసే పెద్దాయన తల తిరుగుతోంది రాయమ్మా అని తనంతట తనే వస్తే, అరగంట కూర్చోబెట్టి, ఆయనకి తిరుగుతున్నది తల కాదని, కొత్త సూపర్‌వైజరు మీద కోపమని తేల్చి పంపేసింది. ఆవిడ చెవి అలాంటిది. నేను విసుక్కున్నాను తప్ప, ఆవిడ రాసిన స్లిప్పు తప్పని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లో వదిన మాటల మధ్యలో, మీ అన్నయ్యకి ఈ మధ్య తిక్క ఎక్కువైందమ్మా అంది. మొన్న మేకు కొట్టమంటే స్టూలు ఎక్కి, ఎక్కినవాడు ఎక్కినట్టే దిగిపోయి, ఈ ఫొటో ఇక్కడ అక్కర్లేదు అన్నాడట. వెనక నుంచి పిలిస్తే తల తిప్పడట, మనిషంతా తిరుగుతాడట. పొద్దున లేచి మంచం అంచున పావుగంట కూర్చుంటాడట, ఏమిటని అడిగితే కసురుకుంటాడట. ఈవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది. తిక్క అంటే ఏంటి వదినా అని అడిగింది. వదిన నవ్వి, తిక్కంటే తిక్కేనమ్మా, మీ అన్నయ్య సంగతి నీకు తెలియదా అంది. వరండాలో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన పేపరు మీంచి కళ్ళెత్తకుండా, నాకు కాదు, నీకే తిక్క అన్నాడు.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. అది నాకు తరవాత చెప్పింది. అన్నయ్య క్రేను దిగితే ఏమవుతాడో ఆవిడకి అందరికంటే బాగా తెలుసు. దిగకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన క్రేను కింద రోజూ ఎనిమిది మంది పని చేస్తారు.

సోమవారం పొద్దున, మనిషి రాకుండానే, ఆవిడ అన్నయ్య పేరు మీద స్లిప్పు రాసి సూపర్‌వైజరుకి పంపింది. తల తిరుగుతోంది. అప్పటిదాకా అక్కడ ఎవరూ ఎవరి పేరు మీదా అలా రాయలేదు. ఆయన నిచ్చెన మీద మూడో మెట్టు ఎక్కాక పిలిచి కిందికి దించారు. షెడ్డులో కబురు పాకిపోయింది. పైవాడు కిందికి దిగొచ్చాడ్రోయ్ అని ఒకడు, ఇక వర్షాలు పడవేమో అని ఒకడు. ఆయన తలుపు దగ్గర పెట్టె మీద మొహం మాడ్చుకుని రోజంతా కూర్చున్నాడు. నేను పనిలేకపోయినా అటు వెళ్ళి చూసొచ్చాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మంగళవారం డాక్టరు గారు పరీక్ష చేశారు. బీపీ చూశారు, ఒంటికాలి మీద నిలబెట్టారు, కళ్ళు మూయించి అడుగు ముందు అడుగు వేయించారు. ఆయన పరేడులో సిపాయిలా నడిచాడు. ఎప్పుడైనా తల తిరిగిందా అని అడిగితే, ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా లేదండీ అన్నాడు. మా ఆవిడ తిక్క అంది, అంటే కోపమని, మా చెల్లెలికి ఈ ఫ్యాక్టరీ భాష తలకెక్కి ఇంటి భాష మరిచిపోయింది అన్నాడు. డాక్టరు గారు వదినని కూడా పిలిపించారు. పాపం ఆవిడ కంగారుపడిపోయి, తిక్కంటే కోపమే కదండీ, ఇంకేముంటుంది అంది. తలుపు దగ్గర గుమిగూడినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. డాక్టరు గారూ నవ్వారు. నవ్వుతూనే సరేనని సంతకం పెట్టారు.

అంటేఏంటక్క కిటికీ వెనక తల వంచుకుని కూర్చుంది. సాయంత్రం మేనేజరు పిలిచి, చెప్పింది రాయి, చెప్పనిది రాయకు, అంతకుమించి నీకేం పని అన్నాడు. ఉద్యోగం తీసేయకపోవడమే దయ అన్నట్టు మాట్లాడాడు. ఆవిడ సరేనండీ అంది.

అన్నయ్య ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. నెల తరవాత ఆవిడే అన్నయ్య ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి, తప్పుగా విన్నాను అన్నయ్యా, క్షమించు అంది. ఆయన సరేలే అని లోపలికి వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మనలేదు. వదిన ఒక్కతే కళ్ళు తుడుచుకుంటూ వీధి మలుపు దాకా వచ్చిందట.

అప్పటి నుంచి ఆవిడ మారిపోయింది. కిటికీలో ఎవడేం చెబితే అది రాసి ఇచ్చేసేది. ఒకరకంగా ఉంది అంటే, 'ఒకరకంగా ఉంది' అని రాసేది. నోటు పుస్తకం బల్ల సొరుగులోకి పోయింది. బెంచీ ఎప్పుడు చూసినా ఖాళీ. జనం సంతోషించారు. నేనూ సంతోషించాను. ఇన్నాళ్ళకి దారికొచ్చావక్కా అని పళ్ళికిలించాను కూడా. ఆవిడ నవ్వింది, కానీ నా వైపు చూడలేదు. ఒకరోజు మాత్రం అడిగింది, తమ్ముడూ, ఇన్నేళ్ళలో నేను రాసినవాటిలో ఇంకెన్ని తప్పులున్నాయో, ఎంతమంది పని పోగొట్టానో అని. ఊరుకో అక్కా, ఒక్కటే కదా అన్నాను. ఓదార్చాననుకున్నాను. ఆ 'ఒక్కటే' అన్న మాట ఆవిడ మీద ఎంత బరువు పెట్టిందో ఆ నిమిషంలో నా మట్టి బుర్రకి ఎక్కలేదు.

కొన్నాళ్ళకి కొలిమి దగ్గర పని చేసే అతనొకడు స్లిప్పు పట్టుకుని నా ముందుకొచ్చాడు. దాని మీద 'తిక్కగా ఉంది' అని ఉంది. మాత్ర ఇవ్వబోతూ అతని మొహం చూశాను. చెమట, పెదవులు తెల్లగా. కిటికీ వైపు అరిచాను, ఇది ఏ తిక్క అక్కా అని. అతను అదే చెప్పాడు, అదే రాశాను అని వినిపించింది. అతన్ని నేనే బల్ల మీద పడుకోబెట్టి, తెలిసీ తెలియకుండా రెండు ప్రశ్నలడిగి, ఆ పూట కొలిమికి పంపలేదు. ఏమీ జరగలేదు. కానీ ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది. అడిగేవాళ్ళు లేకపోతే నా చేతిలో ఉన్న దూదికీ మాత్రకీ విలువ లేదు. అయినా ఆవిడతో, మళ్ళీ అడుగు అక్కా అనలేదు. నా నోటికి తిట్టడం వచ్చినంత సులువుగా బతిమాలడం రాదు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒక బుధవారం, పదకొండు గంటలవుతుండగా, షెడ్డులో క్రేను గంట ఆగిపోయింది. క్రేను కదులుతున్నంతసేపూ గంట మోగుతూనే ఉంటుంది, అది మోగుతుంటే మాకు వినపడదు, ఆగితేనే వినపడుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలవుతుందిలే అనుకున్నాను. మొదలవలేదు. బయటి గదిలో మాటలు కూడా ఆగిపోయినట్టనిపించి తలుపు దగ్గరికి వచ్చాను.

వరసలో అయిదుగురున్నారు. అయిదోవాడి వెనక పైవాడు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తోలు గ్లౌజులు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని. ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకుని, మీరు పదండి అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపలేదు, చేత్తో వద్దని చూపించాడు. తన వంతు వచ్చేదాకా అలాగే గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే జరిగాడు. కిటికీ వెనక ఆవిడకి ఇదేమీ తెలియదు. తల వంచుకుని రాసుకుంటూ, అలవాటైపోయిన గొంతుతో, చెప్పండి అంది.

"తల తిరుగుతోంది," అన్నాడు ఆయన.

ఆవిడ తలెత్తింది. గుమ్మంలో అన్న ఆ 'సరేలే' తప్ప, నాలుగు నెలల్లో అన్నయ్య ఆవిడతో అన్న మొదటి మాట అది. కలం కాగితం మీద ఉంది కానీ కదలలేదు.

"రాయి అమ్మడూ. తిక్క కాదు. తల తిరుగుతోంది అనే రాయి."

తరవాత ఆయన అందరూ వినేలాగే చెప్పాడు. ఇనుము పోసే ఇసుక అచ్చుల పెట్టెని గాలిలోకి ఎత్తి తెస్తుంటే, ఉన్నట్టుండి షెడ్డు నేలంతా ఎడమ పక్కకి ఒరిగిపోయిందట. కింద మనుషులు, ఎవరు ఎక్కడున్నారో కళ్ళు నిలవలేదట. హుక్కు దగ్గర సైగ చేసేవాడి చేతిని ఒక్కదాన్నే చూస్తూ, మిగతాదంతా చేతి అలవాటు మీద వదిలేసి, పెట్టెని నేలకి దింపాడట. నిచ్చెన సగం దిగి, మధ్యలో మెట్టుని కావలించుకుని కూర్చున్నాడట. ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే ఎవరి మీద పడేదో తెలియదు అన్నాడు. స్లిప్పులు పట్టుకుని ఇంకా అక్కడే ఉన్న ఆ అయిదుగురిలో ఇద్దరు రోజూ ఆ కింద పనిచేసేవాళ్ళే. వాళ్ళు బెంచీ మీద కూలబడ్డారు.

"ఇవాళ కొత్తగా వచ్చింది కాదిది," అన్నాడు ఆయన, గొంతు తగ్గించకుండానే. "నువ్వు నా పేరు మీద రాసిన రోజునా తిరిగింది. డాక్టరు దగ్గర అబద్ధం చెప్పాను. పైనుంచి దిగిపోతే నేనెవర్ని అన్న భయంతో చెప్పాను. నువ్వు మా గుమ్మంలోకొచ్చి క్షమించమన్నప్పుడు నీ మొహం నా కళ్ళకి నిలవలేదు, అందుకే లోపలికి పోయాను. నువ్వు విన్నది నిజమే. ఒక్క అక్షరం తప్పు లేదు."

ఎవరూ నవ్వలేదు. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఏమంటుందోనని అందరం ఆ చెయ్యి పట్టేంత కిటికీ వైపే చూస్తున్నాం. తిడుతుందనుకున్నాను, నేనైతే తిట్టేవాణ్ణి. ఆవిడ కలం కింద పెట్టేసి, అన్నయ్య మొహంలోకి చూసింది. 

"నాలుగు నెలలు, అన్నయ్యా," అంది. "నాకే తిక్క అనుకున్నాను."

అప్పుడు ఏడ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా ఏడవాలని చూసింది గానీ ఆగలేదు. ఆయన కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆవిడ తల మీద వేశాడు. అక్కడున్నవాళ్ళు చూపులు పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ స్లిప్పు తీసి అన్నయ్య పేరు రాసింది, అది తడిసి సిరా కరిగిపోయింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. మూడోది నేనే వెళ్ళి తీసుకుని, నా కోడిగీతల రాతతో ఆయన పేరు, తేదీ, ఆ రెండు మాటలు రాశాను. కింద సంతకం మాత్రం ఆవిడదే ఉండాలి, ఇంకెవరిదీ చెల్లదు. కళ్ళు తుడుచుకుని పెట్టింది. పైవాడు ఆ స్లిప్పు పట్టుకుని నా గదిలోకి వచ్చి బల్ల మీద పడుకున్నాడు, మళ్ళీ ఎప్పుడూ ఆ నిచ్చెన ఎక్కలేదు.